అండమాన్‌లో ఆరుగురం

అరవై దాటిన ఆడవాళ్ళు యాత్రకి బయల్దేరారంటే కాశీకో, రామేశ్వరానికో, కాకపోతే అమెరికాలో కూతురి పురిటికో అయ్యుంటుందని లోకం నిశ్చయంగా అనుకుంటుంది. నడిసముద్రంలో ఉన్న దీవులకి, అదీ భర్తలూ పిల్లలూ వెంట లేకుండా, ఒకప్పటి క్లాసు పిల్లలతో కలిసి వెళుతున్నామంటే "అక్కడ ఏం గుడి ఉందమ్మా?" అని అడుగుతారు. మమ్మల్నీ అడిగారు. జైలుందని చెప్పాం. ఆ పైన ఎవరూ ఏమీ అడగలేదు.

మేం ఆరుగురం బరంపురంలో ఒకే తెలుగు బడిలో చదువుకుని, 1976లో మెట్రిక్ పరీక్ష రాసి, ఆ తరువాత పెళ్ళిళ్ళ పేరుతో తలో దిక్కుకీ వెళ్ళిపోయినవాళ్ళం. పేర్లు రాయొద్దని మిగతా ఐదుగురూ నా చేత ఒట్టు పెట్టించుకున్నారు. కనుక ఇప్పుడు ఎవరు ఏ ఊళ్ళో ఉంటే వారిని ఆ ఊరి పేరుతోనే పిలుస్తాను. చెన్నై మా అప్పటి క్లాసు లీడరు, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయింది. యానాం లెక్కల టీచరుగా పనిచేసింది, మోకాళ్ళ నొప్పి. షోలాపూరు ఉల్లిపాయ కూడా ముట్టని శాకాహారి. బెంగుళూరుకి కారూ, డ్రైవరూ, అమెరికాలో కొడుకూ ఉన్నారు. రాయగడ భర్త పోయాక జాకెట్లు కుట్టి ఇద్దరు పిల్లల్ని చదివించుకుంది. ఊరు కదలకుండా ఉండిపోయిన బరంపురాన్ని నేను.

పాత స్నేహితులు కలిసి ప్రయాణం పెట్టుకుంటే అది చెడేది సాధారణంగా డబ్బు దగ్గరే. బడిలో అందరివీ ఒకే రంగు పావడాలు, ఒకే రకం పలకలు. యాభై ఏళ్ళ తరువాత ఒకరు మంచి హోటలు లేనిదే దిగలేరు, మరొకరికి రైలు టిక్కెట్టే భారం. రాయగడ ఖర్చు మొత్తం తానే పెట్టుకుంటానని బెంగుళూరు మంచి మనసుతోనే అంది. రాయగడ ఫోన్లో ఏమీ అనలేదు గాని, ఆ తరువాత రెండు వారాలు ఎవరు చేసినా ఫోను ఎత్తలేదు. అప్పుడు చెన్నై ఒక ఉపాయం చేసింది. 2023 జనవరి నుంచి తలా నెలకి 1,500 రూపాయలు, ఇరవై నాలుగు నెలలు. పాట లేదు, వడ్డీ లేదు, మధ్యలో ఎవరూ తీయడానికి లేదు. మనిషికి 36,000 అయింది. ఆ డబ్బులో ఏది దొరికితే అదే విమానం, అదే గది, అదే భోజనం, ఎవరూ పైన ఒక్క రూపాయి వేయకూడదు. బెంగుళూరు చిన్న గదికి అలవాటు పడాల్సి వచ్చింది. రాయగడ ఆ 1,500 కోసం నెలకి నాలుగు జాకెట్లు అదనంగా కుట్టింది. "ఇంట్లో ఎవరినీ అడగక్కర్లేని డబ్బే ఇది" అని మాతో ఒకటికి నాలుగుసార్లు అంది.

డబ్బు కంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. షోలాపూరుకీ బెంగుళూరుకీ పన్నెండేళ్ళుగా మాటల్లేవు. 2012లో షోలాపూరు కొడుక్కీ బెంగుళూరు కూతురికీ సంబంధం అనుకున్నారు. తాంబూలాల దాకా వచ్చి ఆగిపోయింది. ఎవరి వల్ల ఆగిందన్నదానికి ఇద్దరి దగ్గరా చెరో కథ ఉంది, రెండూ మేం విన్నాం, రెండూ నమ్మదగ్గట్టే ఉన్నాయి. పిల్లలిద్దరూ వేరే పెళ్ళిళ్ళు చేసుకుని హాయిగా ఉన్నారు. తల్లులు మాత్రం అక్కడే ఆగిపోయారు. మాలో ఎవరింట్లో శుభకార్యం జరిగినా వాళ్ళలో ఒకరు ముందురోజు వస్తే ఇంకొకరు మర్నాడు వచ్చేవారు. ఇద్దరూ చీటీ మాత్రం ఒక్క నెల తప్పకుండా కట్టారు. (ఈ భాగం ఇద్దరికీ చదివి వినిపించాకే పత్రికకి పంపుతున్నాను. ఒకామె ఒక వాక్యం కొట్టేయమంది, కొట్టేశాను.)

గదుల ఏర్పాటు యానాం చేసింది. ఐదు రాత్రులు, రోజుకి మూడు గదులు, గదికి ఇద్దరు. ఆరుగురిని జంటలుగా విడదీస్తే మొత్తం పదిహేను జంటలవుతాయి, ఐదు రాత్రుల్లో మూడేసి గదులంటే అవీ పదిహేనే. అంటే ప్రతి ఒక్కరూ ప్రతి ఒక్కరితోనూ సరిగ్గా ఒక రాత్రి ఉంటారు, ఎవరినీ ఎంచుకునే బాధ లేదు. కాగితం మీద గళ్ళు గీసి మరీ చూపించింది. మూడో రాత్రి గడిలో బెంగుళూరు, షోలాపూరు పక్కపక్కన పడ్డారు. లెక్కలో తప్పు లేదు కనుక ఇద్దరూ కాదనలేకపోయారు.

2025 జనవరిలో చెన్నై ఇంట్లో అందరం కలుసుకుని తెల్లవారుజాము విమానం ఎక్కాం. ఓడలో వెళ్ళాలని యానాం సరదా పడింది. చెన్నై, విశాఖపట్నం, కలకత్తాల నుంచి ప్రభుత్వ ఓడలు నడుస్తాయి. కాని సుమారు మూడు రోజుల ప్రయాణం, తేదీలు ముందుగా తేలవు. మోకాళ్ళ మాట గుర్తుచేసి ఆమెను ఒప్పించాం. విమానంలో రెండు గంటల పైచిలుకు, అంతే. దిగే ముందు కిటికీలోంచి చూస్తే నీలం మీద ఆకుపచ్చ ముద్దలు, వాటి చుట్టూ తెల్లటి అంచు. మా ఊరి పట్టుచీర అంచులా ఉందని రాయగడ అంది. కుట్టుపని మనిషికి అలాగే కనిపిస్తుంది కాబోలు.

పోర్ట్ బ్లెయిర్‌కి 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు గాని ఆటోవాళ్ళ నోట ఇంకా పాత పేరే. మొదటి రోజు మధ్యాహ్నం సెల్యులర్ జైలుకి వెళ్ళాం. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. మధ్యలో గోపురం, దాని చుట్టూ చక్రానికి ఆకుల్లా ఏడు వరసలు, ఒక్కొక్కటీ మూడంతస్తులు. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. ఒక వరస గదుల ముఖం ఎదుటి వరస వీపు వైపుకి ఉండేట్టు కట్టారు, ఒక ఖైదీకి ఇంకొక ఖైదీ మొహం కనపడకూడదని. గది పదమూడున్నర అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, చెయ్యందని ఎత్తులో చిన్న కిటికీ. గానుగకి ఎద్దుల బదులు మనుషుల్ని కట్టి నూనె తీయించిన చోటు చూసి షోలాపూరు బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది.

గోపురంలో ఖైదీల పేర్లు రాష్ట్రాలవారీగా పాలరాళ్ళ మీద చెక్కారు. బరంపురం 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోదే గనక మేం మద్రాసు జాబితా ముందే చాలాసేపు నిలబడ్డాం. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని తెచ్చి పెట్టింది ఈ జైల్లోనే. కాకినాడ తమ పక్క ఊరే కాబట్టి యానాం ఆ కథంతా మాకు చెప్పింది, టీచరు గొంతుతో. పక్కన నిలబడ్డ మహారాష్ట్ర దంపతులు కూడా వింటూ ఉండిపోయారు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా. ఈ జైలు కట్టకముందే, 1879 రంప పితూరీలో పట్టుబడిన మన్యం మనుషులు కొందరిని కూడా ఈ దీవులకే పంపారు. నల్లనీళ్ళు దాటితే కులం పోతుందని భయపడిన రోజుల్లో ఈ సముద్రం దాటడం వాళ్ళకి ఎలా ఉండి ఉంటుందో! చీకటి పడ్డాక జరిగే దీపాల ప్రదర్శన బాగానే ఉంటుంది గాని, నన్నడిగితే పగటిపూట ఒక గదిలో రెండు నిమిషాలు తలుపు దగ్గరకి వేసుకుని నిలబడితే చాలు.

అక్కడ చీకటి తొందరగా పడుతుంది. జనవరిలో ఐదున్నరకల్లా సూర్యుడు ఉండడు. గడియారం మాత్రం మన గడియారమే. దేశకాలం లెక్కించే రేఖాంశం 82.5 డిగ్రీలు, అండమాన్ దాదాపు 93 దగ్గర ఉంది, డిగ్రీకి నాలుగు నిమిషాలు, కనుక నలభై నిమిషాల పైగా ముందు అని యానాం వేళ్ళ మీద లెక్కగట్టి చెప్పింది. వెళ్ళేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. పొద్దున్నే లేచేవాళ్ళకే ఆ ఊళ్ళో రోజు దక్కుతుంది. మధ్యాహ్నం కునుకు తీశారా, సాయంత్రం పోయినట్టే.

మర్నాడు హేవ్‌లాక్. 1857 తిరుగుబాటును అణచిన సైన్యాధికారి పేరది. పక్కనున్న నీల్ దీవిదీ అలాంటి పేరే. 1943 డిసెంబరు 30న నేతాజీ పోర్ట్ బ్లెయిర్‌లో జెండా ఎగరేసి ఈ దీవులకి షహీద్, స్వరాజ్ అన్న పేర్లు ఇచ్చాడు. ఆ పేర్లనే 2018లో నీల్‌కి, హేవ్‌లాక్‌కి పెట్టారు. ప్రైవేటు బోటులో గంటన్నర ప్రయాణం. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవాళ్ళు మాత్ర ముందే వేసుకోవడం మంచిది, బోటు కదిలాక వేసుకుంటే లాభం లేదు. బెంగుళూరు అలాగే వేసుకుని, ఆ గంటన్నరా రాయగడ ఒళ్ళో తల పెట్టి పడుకుంది.

రాధానగర్ తీరం గురించి అందరూ రాసేదే గనక నేను ఎక్కువ రాయను. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అంది, అబద్ధం కాదు. పిండిలాంటి తెల్ల ఇసుక, వెనక ఆకాశాన్నంటే చెట్లు, పడమటి ముఖం కావడంతో నీళ్ళలోకే సూర్యుడు దిగడం. మాకు సముద్రం కొత్త కాదు. బడిలో ఉండగా ఏడాదికోసారి గోపాల్‌పూర్ తీసుకెళ్ళేవారు. అక్కడి అలలు తెలిసినవే కదా, చీలమండ దాటి దిగితే టీచరమ్మ ఈల ఊదేది. ఇక్కడా చెన్నై ఒడ్డున నిలబడి రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని అచ్చం అలాగే ఈల వేసింది. అరవై అయిదేళ్ళ ఆడవాళ్ళం అయిదుగురం ఒక్కసారిగా వెనక్కి పరిగెత్తాం. చుట్టుపక్కల కొత్త జంటలు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో ఏమో.

ఆ తీరాల్లో కొన్నిచోట్ల మొసళ్ళ భయం ఉంది, బోర్డులు పెడతారు. వాటిని లక్ష్యపెట్టకుండా దిగడం ధైర్యం కాదు, తెలివితక్కువతనం. గవ్వలు, పగడపు ముక్కలు ఏరి సంచిలో వేసుకోవడమూ చట్టరీత్యా నేరమే, విమానాశ్రయంలో వెతుకుతారు. రాయగడ మనవరాలి కోసం ఏరిన గవ్వలన్నీ తిరిగి నీళ్ళ అంచున పెట్టి వచ్చింది.

మూడో రాత్రి వచ్చింది. భోజనాల దగ్గర ఎవరూ ఆ మాట ఎత్తలేదు. చేపల కూర, అన్నం మా నలుగురికి. షోలాపూరు తన డబ్బాలోంచి కందిపొడి తీసుకుని పప్పన్నం తింటోంది. బెంగుళూరుకి ఇంకా కడుపు కుదుటపడలేదు, ఏమీ తినలేదు. తొమ్మిదింటికి గదుల్లోకి వెళ్ళిపోయాం. నాకు ఆ రాత్రి చెన్నైతో పడింది. గోడ పక్కనే వాళ్ళ గది. చాలాసేపు నిశ్శబ్దం, తరువాత కుళాయి చప్పుడు, తలుపు చప్పుడు. పదిన్నరకి ఏవో మాటలు మొదలయ్యాయి. గొంతులు పెరుగుతాయేమోనని చెన్నై లేచి కూర్చుంది. పెరగలేదు. ఎంతకీ ఆగలేదు కూడా. మేం నిద్రపోయాం.

పొద్దున్న టీ దగ్గరికి ఇద్దరూ కలిసే వచ్చారు, పోట్లాడుకుంటూ. రాత్రి ఏసీ ఎవరు ఎంతకి తగ్గించారన్నది తగాదా. "దీనికి చిన్నప్పటినుంచీ అంతే, పక్కవాళ్ళు చలికి చచ్చినా పట్టదు" అని షోలాపూరు. "కందిపొడి అన్నం కలిపి పెట్టింది గాని, తిన్నంతసేపూ సాధించింది" అని బెంగుళూరు. పన్నెండేళ్ళ కిందటి సంబంధం సంగతి ఆ రాత్రి ఎత్తారో లేదో మాకు తెలియదు. మేం అడగలేదు. అడిగే చనువు ఉంది గనకే అడగలేదనుకోండి.

నీల్ చిన్న దీవి, నాకు అన్నిటికన్నా నచ్చింది. తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకి అక్కడ భూములిచ్చి స్థిరపరిచారు. వాళ్ళు సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్ అని రామాయణాన్ని తెచ్చి దీవి నిండా పరిచారు. ఎటు చూసినా కూరగాయల మళ్ళు, అరటితోటలు. ఊరు వదిలి వచ్చినవాళ్ళు ముందు పేర్లు నాటుకుంటారు, తరువాత పాదులు. లక్ష్మణ్‌పూర్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది, ఆ బెంగాలీలు దాన్ని హౌరా బ్రిడ్జి అనేవారట. పోటు తగ్గినప్పుడే అక్కడికి నడవగలం. వేళ ముందే కనుక్కుని వెళ్ళాలి. పాచి పట్టిన రాళ్ళు, మధ్య గుంటల్లో నక్షత్రపు చేపలు, పీతలు. యానాంని కూర్చోపెట్టేద్దామనుకున్నాం. ఆమె ఒప్పుకోలేదు. ఒక చెయ్యి షోలాపూరు, ఒక చెయ్యి బెంగుళూరు పట్టుకుని అడుగు అడుగే వేయిస్తూ తీసుకెళ్ళారు. అక్కడి ఫొటోలో ముగ్గురూ కిందికే చూస్తున్నారు, ఎక్కడ జారతామోనని.

భరత్‌పూర్‌లో నీళ్ళు చెరువులా కదలకుండా ఉంటాయి. నడుము లోతులో నిలబడితే కాలి గోళ్ళు కనిపిస్తాయి. రాయగడకి నీళ్ళంటే ప్రాణభయం. రబ్బరు చక్రంలో కూర్చోపెట్టి మేం చుట్టూ నిలబడ్డాం. మొదట కళ్ళు గట్టిగా మూసుకుని నా జాకెట్టు పట్టుకుంది. కాసేపయ్యాక చెయ్యి వదిలింది. తరువాత చక్రం దానంతట అది కొంచెం దూరం తేలిపోయింది, ఆమెకి తెలియదు. ఆకాశం కేసి చూస్తూ ఏదో చెబుతోంది. దగ్గరికి వెళ్ళి వింటే, భర్త పోయిన రోజు సంగతి. మాకు తెలిసిన సంగతే, కాని అప్పటిదాకా ఆమె నోటితో ఎప్పుడూ చెప్పలేదు. చక్రం పట్టుకుని నడుము లోతు నీళ్ళలో అలాగే నిలబడి మొత్తం విన్నాం. చెప్పడం అయ్యాక "ఏటే, అందరూ అలా సూస్తున్నారు, ఆకలేస్తంది పదండి" అంది, మా పాత బరంపురం మాటతో.

ఈ మాట గురించి ఒకటి చెప్పాలి. షోలాపూరు ఇంట్లో మనవలతో మరాఠీ, బెంగుళూరు ఇంట్లో ఇంగ్లీషు, రాయగడ ఇంట్లో సగం ఒడియా. నాతో సహా అందరం బయటివాళ్ళతో పుస్తకాల తెలుగు మాట్లాడతాం, ఎవరైనా నవ్వుతారేమోనని. ఆ ఆరు రోజులూ చిన్నప్పుడు వీధిలో మాట్లాడిన భాషే వచ్చింది. గుంట, ఏటి, ఎల్దాం అన్న మాటలు ఎన్నాళ్ళకి విన్నామో!

చివరి రోజు పోర్ట్ బ్లెయిర్‌లో పొద్దున రాస్ దీవి చూశాం. 1858 నుంచి 1941 దాకా ఇంగ్లీషువాళ్ళ పాలన అక్కడినుంచే నడిచింది. ఆ ఏడు భూకంపం, మర్నాటి ఏడు జపానువాళ్ళు. ఇప్పుడు చర్చినీ, దొరల బంగళాలనీ మర్రివేళ్ళు కౌగిలించుకుని ఉన్నాయి, మధ్యన జింకలు తిరుగుతున్నాయి. నడవలేనివారికి బ్యాటరీ బండ్లున్నాయి.

సాయంత్రం జంగ్లీఘాట్ చేపల రేవుకి వెళ్ళాం. అక్కడ మన భాష చెవిన పడుతుందని విన్నాం. 2011 జనాభా లెక్కల్లో అండమాన్ నికోబార్‌లో ఉన్న 3,80,581 మందిలో నూటికి పదముగ్గురు తెలుగు మాతృభాషగా రాయించుకున్నారు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి చేపల వేటకి వచ్చి నిలిచిపోయిన కుటుంబాలు అందులో చాలా ఉన్నాయి. గంప ముందు కూర్చున్న ఒక ముసలామె మా మాట విని తలెత్తింది. "ఏ ఊరమ్మా మీది? మాటింటే మనోళ్ళలాగున్నారు" అంది. బరంపురం అన్నాం. "మా అమ్మాబాబూ బారువ కాడ నుంచొచ్చారు. నానిక్కడే పుట్టినాను, బారువ సూడనేదు" అంది. మనవలు తెలుగు మాట్లాడతారా అని యానాం అడిగింది. "అరిస్తే తెలుగు, అడిగితే హిందీ" అని నవ్వింది. మాకు చేప వండుకునే వీలు లేదంటే, ఊరికే కూర్చోండమ్మా అని పక్కన గోనెపట్టా పరిచింది. ఆరుగురం చేపల వాసనలో, శాకాహారితో సహా, గంటసేపు కూర్చున్నాం. బారువ సముద్రం ఎలా ఉంటుందని ఆమె అడిగితే రాయగడ చెప్పింది, వాళ్ళ పెద్దమ్మగారి ఊరు ఆ పక్కనే.

ఆ రాత్రి చెన్నై లెక్కలు చదివింది. రాకపోకలు, గదులు, బోట్లు, భోజనాలు, యానాం మోకాలి పట్టీతో సహా అన్నీ పోగా 2,340 రూపాయలు మిగిలాయి. పంచుకోవడమా, ఉంచడమా అని ఓటు పెడితే ఉంచడమే గెలిచింది. తిరిగి వచ్చిన నెల నుంచే కొత్త చీటీ మొదలైంది. లక్షద్వీప్ వెళ్ళాలని సగం మంది, దానికి ముందుగా పర్మిట్ తీసుకోవాలి. శ్రీలంక అని మిగతా సగం, దానికి పాస్‌పోర్టు కావాలి, రాయగడకి ఇంకా లేదు, దరఖాస్తు పెట్టింది. రెండో నెల షోలాపూరు వంతు డబ్బు బెంగుళూరు ఖాతా నుంచి వచ్చింది. షోలాపూరు ఫోన్లో డబ్బు పంపే ఏర్పాటు ఆ రోజు పనిచెయ్యలేదట. ఎవరి డబ్బు వాళ్ళే కట్టాలన్న నిబంధన ఉంది కదా, దీన్ని పుస్తకంలో ఎలా రాయాలా అని చెన్నై ఇంకా ఆలోచిస్తోంది.